పిడికెడు కాయలతో బండెడు బేరం: శాంపిల్ మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

చిత్తూరు: వేరుశనగ బేరం కాటా దగ్గర కాక పిడికిట్లోనే మొదలవుతుంది. బస్తా మూతి విప్పి నాలుగు కాయలు తీసి, ఒలిచి, పప్పు చూసి కొనుగోలుదారు ధర చెబుతాడు. బెల్లం మండీలో అచ్చు పగలగొట్టి రంగు, గట్టిదనం చూస్తారు. తోతాపురి లారీలోని నాలుగు కాయల తీపిని బట్టి గుజ్జు ఫ్యాక్టరీ ఆ లోడుపై ఒక అంచనాకు వస్తుంది. దక్షిణ రాయలసీమ వర్తకమంతా శాంపిల్ మీదనే నడుస్తోందంటే అతిశయోక్తి కాదు.

శాంపిల్ చూడటంలో తప్పులేదు. అది చెప్పిన అంకెను సరుకంతటికీ ఖాయమైన అంకెగా పట్టుకోవడంలోనే చిక్కంతా ఉన్నది. డిగ్రీ తరగతుల స్టాటిస్టిక్స్‌లో పరికల్పన పరీక్ష, విశ్వాసాంతరం అనే రెండు పాఠాలుంటాయి. పరీక్ష రాయగానే విద్యార్థి వాటిని మరచిపోవడం పరిపాటి. నిజానికి ఆ రెండూ మార్కెట్ యార్డుకు చెందిన పాఠాలే.

ఊహకు ఒక ఉదాహరణ తీసుకుందాం. కిలో కాయకు 700 గ్రాముల పప్పు వస్తుందని అమ్మకందారు చెబుతున్నాడు. కొనుగోలుదారు వేర్వేరు బస్తాల నుంచి కిలో చొప్పున 9 శాంపిళ్లు తీసి ఒలిపించాడు. వచ్చిన పప్పు గ్రాములలో: 660, 665, 670, 680, 685, 690, 700, 705, 710. సగటు 685. అంటే కిలోకు 15 గ్రాములు తక్కువ. వంద క్వింటాళ్ల లాటులో ఇది ఒకటిన్నర క్వింటాళ్ల పప్పు. వెంటనే తరుగు పెట్టవచ్చునా?

తొందర కూడదు. ముందు అమ్మకందారు మాటే నిజమనుకోవాలి. దీనినే శూన్య పరికల్పన అంటారు. ఆ మాట నిజమే అయితే, కేవలం శాంపిల్ తేడా వల్ల ఇంత తగ్గుదల కనిపించే అవకాశం ఎంత అన్నదే ప్రశ్న. పై అంకెల స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 18. దానిని 9 వర్గమూలమైన 3తో భాగిస్తే 6 వస్తుంది. సగటులో ఉండగల పొరపాటుకు అదే కొలత. 15 గ్రాముల తగ్గుదల దానికి రెండున్నర రెట్లు. తొమ్మిది శాంపిళ్లకు టి పట్టికలో 5 శాతం స్థాయి హద్దు 2.306. ఈ తేడా హద్దు దాటింది గనుక 700 అన్న మాట నిలవదు.

అయితే పప్పు కచ్చితంగా 685 అని రుజువైనట్టు కాదు. 6ను 2.306తో గుణిస్తే సుమారు 14 వస్తుంది. 685కు అటు ఇటు 14 వేస్తే విశ్వాసాంతరం 671 నుంచి 699 వరకు. అసలు సగటు ఈ మధ్యలో ఎక్కడైనా ఉండవచ్చు. తరుగు మీద బేరం ఈ హద్దుల మధ్య సాగితేనే న్యాయం. 95 శాతం అన్న మాటకు అర్థం కూడా తెలుసుకోవాలి. ఇదే పద్ధతిలో వంద లాటులకు లెక్క కడితే, దాదాపు 95 సార్లు అసలు అంకె హద్దుల లోపల పడుతుంది. మిగిలిన అయిదు ఏవో ముందుగా తెలియదు.

అదే సగటు, అదే తేడాలతో శాంపిళ్లు నాలుగే ఉంటే కథ మారిపోతుంది. పట్టిక హద్దు 3.182 అవుతుంది. అంతరం 657 నుంచి 713 వరకు సాగుతుంది. అందులో 700 ఉన్నది! అంటే అమ్మకందారు మాటను కాదనే ఆధారం లేదు. అలాగని ఆ మాట రుజువైందనీ కాదు. ఇంకా శాంపిళ్లు తీయాలని మాత్రమే దీని అర్థం.

ఈ లెక్కలో పొరపాట్లు రెండు రకాలు. మంచి సరుకును నాసి అనడం ఒకటి, నాసి సరుకును మంచిది అనడం రెండవది. మొదటిదానికి రైతు నష్టపోతాడు, రెండవదానికి వర్తకుడు నష్టపోతాడు. నేమన్, ఈగన్ పియర్సన్ 1933లో ఈ రెండింటినీ విడదీసి చూపారు. శాంపిళ్లు పెంచకుండా ఒకదానిని తగ్గించబోతే రెండవది పెరుగుతుంది. మండీలో ఏటా వచ్చే తగాదాలకు ఈ ముక్క మందు కాగలదు.

ఇది పంతుళ్ల లెక్క అని కొట్టివేసేవారు దాని పుట్టుక తెలుసుకోవాలి. టి పరీక్షను 1908లో ప్రకటించిన విలియం గాసెట్ డబ్లిన్‌లోని గిన్నెస్ బీరు కంపెనీ ఉద్యోగి. బార్లీ వంటి సరుకుల నాణ్యతను కొద్ది శాంపిళ్లతో తేల్చవలసిన అవసరమే అతడిని ఈ దారి పట్టించింది. కంపెనీ నిబంధన వల్ల ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో వ్రాశాడు. అంటే ఇది సరుకు కొనేవారి ఇంట పుట్టిన లెక్కే. తెలుగువారికీ ఇందులో పెద్ద వాటా ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్.రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్షను ప్రపంచమంతా వాడుతోంది. ఆయన 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

కొన్ని జాగ్రత్తలు తప్పవు. పై వరుస బస్తాలనుంచే శాంపిల్ తీస్తే ఏ పట్టికా కాపాడదు. బస్తాలకు నంబర్లు వేసి, చీట్లు తీసి ఎంచుకోవాలి. అఫ్లాటాక్సిన్ విషయంలో ఈ సులువు లెక్క చాలదు. ఆ విషం లాటులోని కొద్ది గింజలలోనే పోగుపడి ఉంటుంది. తొమ్మిది శాంపిళ్లు శుభ్రంగా ఉండి పదోది సరుకంతటినీ తిరగ్గొట్టించవచ్చు. నేరుగా తినే వేరుశనగకు ఐరోపా కూటమి పెట్టిన మొత్తం హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములే గనుక ఎగుమతిదారులు పెద్ద శాంపిళ్లకు సిద్ధపడక తప్పదు.

ముప్పై ఏళ్ల అనుభవమున్న కంటికి పట్టిక ఎందుకని పెద్ద వర్తకులు అడగవచ్చు. ఆ కంటికి విలువ లేదని ఎవరూ అనరు. కాని దానినీ తూచి చూడవచ్చు. ఒలిపించక ముందే తమ అంచనా పుస్తకంలో వ్రాసి, పక్కనే కాటా అంకె వ్రాయాలి. ముప్పై లాటులు గడిచాక తేడాల సగటు, దాని అంతరం కట్టాలి. సున్న ఆ అంతరంలో ఉంటే కన్ను ఒక పక్కకు మొగ్గుతోందనే ఆధారం లేనట్టే. లేకుంటే ఎటు మొగ్గుతున్నదో అంకెలే చెబుతాయి.

తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954 నుంచి ఉన్నది. చుట్టుపక్కల డిగ్రీ కళాశాలలకూ కొరత లేదు. విద్యార్థుల అభ్యాసానికి పాఠ్యపుస్తకంలోని కల్పిత అంకెలకు బదులు యార్డులోని కాయ, బెల్లం, మామిడి అంకెలు ఇస్తే వారికి పాఠం వంటబడుతుంది, మండీకి లెక్క తెలిసిన గుమాస్తా దొరుకుతాడు. పెట్టుబడి అంటారా? ఒక చిన్న కాటా, ఒక క్యాలిక్యులేటర్, ఒక నోటు పుస్తకం. ఒక్క లాటు మీద తప్పిన తగాదాతోనే ఆ ఖర్చు రాబట్టుకోవచ్చు.