అన్నీ ఒకేసారి చూసే యంత్రం లేదు

క్వాంటమ్ కంప్యూటర్ గురించి ఏ వీడియో పెట్టినా, ఏ ఆదివారం అనుబంధం తిరగేసినా ఒకటే మాట. మామూలు కంప్యూటర్ జవాబు కోసం ఒక్కో దారీ వెతుకుతుందట, ఇది మాత్రం అన్ని దారుల్లోనూ ఒకేసారి నడిచి జవాబు పట్టుకొచ్చేస్తుందట. అమరావతికి 156 క్యూబిట్ల (క్వాంటమ్ బిట్ల) ఐబీఎం యంత్రం వస్తుందని 2025లో ప్రకటించాక మన దగ్గర ఈ మాట మరీ ఊపందుకుంది. సగమైనా నిజమే కదా అని సర్దుకుపోతే కుదరదు. అసలు విషయమంతా చెప్పకుండా వదిలేసిన ఆ మిగతా సగంలోనే ఉంది.

వరుస లేని పది లక్షల పేర్ల జాబితాలో ఒక పేరు వెతకాలనుకోండి. అన్నీ ఒకేసారి చూడగలిగితే ఒక్క అడుగుతో పని అయిపోవాలి. ఢిల్లీ ఐఐటీలో చదివిన లవ్ గ్రోవర్ 1996లో కనిపెట్టిన క్వాంటమ్ పద్ధతికి మాత్రం దాదాపు 785 అడుగులు పడతాయి. జాబితా పొడవుకు వర్గమూలమంత అడుగులు పడే ఈ గీత దాటడం ఏ క్వాంటమ్ యంత్రానికీ సాధ్యం కాదని బెన్నెట్, బెర్న్‌స్టీన్, బ్రసార్డ్, వజీరాని 1997లో నిరూపించారు కూడా. ఇంకో తమాషా ఉంది. 785 దగ్గర ఆపకుండా తిప్పుతూ పోతే సరైన జవాబు వచ్చే అవకాశం తగ్గుతూ వస్తుంది, రెట్టింపు తిప్పితే దాదాపు సున్నా అవుతుంది. అన్నీ చూసేసిన యంత్రమైతే ఎక్కువసేపు చూసినందుకు జవాబు పోగొట్టుకుంటుందా?

జరిగేది వేరు. క్యూబిట్ల ప్రతి సాధ్యతకూ ఒక సంఖ్య ఉంటుంది. చూడ్డానికి సంభావ్యత లాంటిదే కానీ, సంభావ్యత సున్నా కిందికి దిగదు, ఇది దిగుతుంది. సంకీర్ణ సంఖ్య కూడా కావచ్చు. అందుకే రెండు సాధ్యతలు కలిసినప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకోగలవు. వెలుగుకు వెలుగు తోడైతే చీకటి చారలు పడటానికి కారణమూ ఈ వ్యతికరణమే. చివర్లో కొలిచినప్పుడు చేతికొచ్చేది ఒకే ఒక్క ఫలితం. కాబట్టి తప్పు జవాబులు రద్దయ్యేలా లెక్కను ముందే అమర్చాలి. ఆ అమర్చడంలోనే ప్రతిభంతా ఉంది.

ఉదాహరణకు 15ను కారణాంకాలుగా విడగొట్టి చూద్దాం. 7ను మళ్లీ మళ్లీ 7తో గుణిస్తూ, ప్రతిసారీ 15తో భాగించి శేషం రాయండి: 7, 4, 13, 1, మళ్లీ 7, 4, 13, 1. నాలుగు అడుగులకోసారి తిరిగొస్తోంది. నాలుగులో సగం రెండు, 7 వర్గం 49. దానికి ఇటు 48, అటు 50. 15తో 48కి గ.సా.భా. 3, 50కి 5. కారణాంకాలు వచ్చేశాయి, ఇందులో క్వాంటమ్ ఊసే లేదు. కానీ వందల అంకెలున్న సంఖ్యకు ఆ ‘నాలుగు’ స్థానంలో ఏముందో పట్టుకోవడం మామూలు యంత్రాలకు తలకు మించిన పని. 1994లో గణితవేత్త పీటర్ షోర్ క్వాంటమ్ యంత్రానికి అప్పగించింది ఆ ఒక్క పనే. ఆవర్తనానికి పొసగనివి రద్దయి, పొసగేవి బలపడేలా చేశారు. మిగతాదంతా సంఖ్యా సిద్ధాంతం చలవ. ఏ అమరికా లేని వెతుకులాటలో అయితే గ్రోవర్ ఇచ్చేపాటి లాభంతో సరిపెట్టుకోవలసిందే.

ఇక తత్వం సంగతి. ఇంత లెక్క ఎక్కడ జరిగిందని భౌతికవేత్త డేవిడ్ డాయిచ్ 1997 నాటి పుస్తకంలో అడిగారు. సమాంతర ప్రపంచాల్లో అని తనే జవాబిచ్చారు. 2024 డిసెంబరులో విల్లో అనే క్వాంటమ్ చిప్‌ను ప్రకటిస్తూ గూగుల్ కూడా ఈ వాదనకు బలం చేకూరిందని రాసుకుంది. నాకు ఇది మింగుడుపడదు. ఒకదాని ఫలితం ఇంకోదాని మీద ఆధారపడే 300 నాణేలు ఎగరేస్తే, సంభావ్యతలన్నీ రాయడానికి కనిపించే విశ్వంలోని పరమాణువులకన్నా ఎక్కువ సంఖ్యలు కావాలి. అన్ని ప్రపంచాలు పుట్టాయని ఎవరూ అనరు. నాణేల్లో రుణ సంఖ్యలు లేవు కదా అంటారా, న్యాయమైన ప్రశ్నే. కానీ సమాంతర ప్రపంచాలు అక్కర్లేని కోపెన్‌హాగెన్ వాదమూ, బోమ్ సిద్ధాంతమూ కూడా షోర్ పద్ధతికి సరిగ్గా అదే ఫలితం చెబుతాయి. అన్ని పక్షాలకూ ఒకే సాక్ష్యం చెప్పేవాడు ఏ పక్షానికీ సాక్షి కాడు.

తత్వం దండగ అనడం లేదు. జాన్ బెల్ 1964లో క్వాంటమ్ పునాదుల గురించి లేవనెత్తిన ప్రశ్న చాలామంది భౌతికవేత్తలకు తాత్విక కాలక్షేపంలా తోచింది. ఆ దారిన చేసిన ప్రయోగాలకే 2022లో నోబెల్ వచ్చింది. ఇదంతా మన ఉపనిషత్తుల్లో ఎప్పుడో ఉందనేవాళ్లకూ ఒక మాట. భౌతికవేత్త ష్రోడింగర్ ఉపనిషత్తులను ప్రేమించిన మాట నిజం. ఆయన 1926 నాటి క్వాంటమ్ సమీకరణం మాత్రం హామిల్టన్, డి బ్రోయ్‌ల గణితం దారిలో వచ్చింది.

అతిశయోక్తికి నష్టం ఉంది. సినిమాలు, సరుకులు సిఫార్సు చేసే ఒక క్వాంటమ్ పద్ధతిని గొప్ప వేగమని చాలామంది నమ్మారు. 2018లో, ఇంకా డిగ్రీ చదువుతున్న ఈవిన్ టాంగ్ మామూలు కంప్యూటర్‌కూ దానికి దీటైన పద్ధతి ఉందని చూపించారు. అణువుల ప్రవర్తనను లెక్కగట్టడం, నేటి గూఢలిపిని ఛేదించడం లాంటి ఆశలకు గట్టి పునాది ఉంది. ట్రాఫిక్ దగ్గర్నుంచి క్యాన్సర్ దాకా అన్నీ తీరుస్తుందనేవాళ్లు మాత్రం సరుకు అమ్ముకుంటున్నారు.

మన ఇంటర్ పిల్లలు మాత్రికలనూ, సంకీర్ణ సంఖ్యలనూ ఎంట్రన్స్ బిట్ల కోసం బట్టీపట్టి వదిలేస్తున్నారు. ఈ విద్యకు గుమ్మం అవే. కాలేజీ అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. క్వాంటమ్ సెమినార్‌కు వచ్చిన వక్తకు శాలువా కప్పేముందు చాక్‌పీసు ఇచ్చి, బోర్డు మీద రెండు క్యూబిట్ల మాత్రిక ఒకటి రాయమనండి.