హమ్నవాలు మన వీపు వెనక కూర్చోరు

గుస్సా వచ్చే రాస్తున్నాను. దుబాయ్ నుంచి కొడుకు డబ్బు పంపినా, కొత్త ఇల్లు కట్టినా ఇప్పుడు హాల్లో హోమ్ థియేటర్ ఉండాలి. కొనుక్కోండి, ముబారక్. కానీ దుకాణంలో మనవాళ్లు వేసే సవాల్ ఒక్కటే: "ఎన్ని స్పీకర్లు భాయ్?" దుకాందారుకి ఈద్ చాంద్ కనిపించినంత ఖుషీ. ఐదు అడిగితే ఏడు, ఏడు అడిగితే పదకొండు చూపిస్తాడు.

సరౌండ్ ప్రాసెసర్ పని ఏ స్పీకర్‌కి ఏ ఆవాజ్ పంపాలో తేల్చడం. మన ఇళ్లకి ఎక్కువగా వచ్చేది ఆంప్లిఫయర్‌తో కలిసి ఒకే పెట్టెలో ఉండే ఏవీ రిసీవర్. దాని లోపలా ఇదే ఉంటుంది. సినిమా సౌండ్‌ని ఇన్ని ఛానళ్ల కోసమే తయారు చేస్తారు కాబట్టి అక్కడ దాని పని అది చేస్తుంది. మనం వినే గజల్, కవ్వాలీ, నాత్ మాత్రం దాదాపు అన్నీ రెండు ఛానళ్లవే. పాతవైతే ఒక్కటే.

బేగం అఖ్తర్ 1974లో పోయారు. ఆమె పాత రికార్డు ఒకటి, మోనోది, డాల్బీ సరౌండ్ మోడ్‌లో పెట్టి చూడండి. రెండు వైపులా ఒకేలా ఉన్న ఆవాజ్‌ని ఆ మోడ్ సెంటర్ స్పీకర్‌కి పంపేస్తుంది. మీరు అంత పైసా పోసి నిలబెట్టిన రెండు పెద్ద స్పీకర్లు ఖామోష్. టీవీ కింద పడుకోబెట్టిన చిన్న పెట్టెలోంచి బేగం సాహిబా పాడతారు. ఇది తౌహీన్ కాదా?

కవ్వాలీకి ఇంకా జుల్మ్. నుస్రత్ స్టీరియో రికార్డు పెడితే గొంతు మధ్యకి ముడుచుకుంటుంది, తాళీల గూంజ్ వెనక స్పీకర్లకి పోతుంది. హమ్నవాలు కవ్వాల్ పక్కనా వెనకా కూర్చుంటారు గానీ మన వీపు వెనక కూర్చుని చప్పట్లు కొట్టరు జనాబ్! సంగీతం జాయిజా కాదా అన్న బహస్ ఇక్కడ వద్దు, పాట వినని ఇంటికీ ఇదే మాట. తిలావత్ రికార్డుల్లో చాలావాటికి గూంజ్ ముందే ఉంటుంది. దాని మీద 'హాల్' మోడ్ ఇంకో నకిలీ గూంజ్ పూస్తే మఖ్రజ్ మసకబారుతుంది.

పాటకి వేరే సెట్టు, సినిమాకి వేరే సెట్టు ఉండాల్సిందే అనే షౌకీన్లూ ఉన్నారు. వాళ్లదీ ఇస్రాఫే. ఆ మాట మనకి వలీమా భోజనాల దగ్గరే గుర్తొస్తుందెందుకో! ఒక్క పెట్టె చాలు, దాన్ని ముందు రెండు స్పీకర్లతో పరఖాయించి కొంటే.

నేను మొదట చూసేది డైరెక్ట్ మోడ్. ప్రాసెసింగ్ అంతా పక్కన పెట్టి పాటని ఉన్నదున్నట్టు వదులుతుంది. ఇంట్లో అబ్బాగారి కేసెట్లు, రికార్డులు ఉంటే 'ప్యూర్ డైరెక్ట్' కూడా అడగండి. మామూలు మోడ్‌లలో చాలా రిసీవర్లు ఆ అనలాగ్ ఆవాజ్‌ని మళ్లీ డిజిటల్‌గా మారుస్తాయి. ఒక చిక్కుంది: డైరెక్ట్‌లో చాలా మెషీన్లు సబ్‌వూఫర్‌ని వదిలేస్తాయి, చిన్న స్పీకర్లయితే తబ్లా బాయా మాయం. వాళ్లు మామూలు స్టీరియో మోడ్ పెట్టుకుని 80 హెర్ట్జ్ కిందిది సబ్‌వూఫర్‌కి ఇవ్వాలి.

మైక్ పెట్టి గదిని కొలిచే ఆడిసీ, డిరాక్ లాంటివి మన టైల్స్ గదుల్లో బేస్ గుమగుమని అదుపు చేస్తాయి. అయితే వాటిని ఆపడానికీ, కింది స్వరాల వరకే ఉంచడానికీ వీలుండాలి. ఒక ఖాలీన్, మందపాటి పర్దాలు కూడా వేయండి, సస్తాలో అయిపోతుంది. ముందు స్పీకర్లకి ప్రీ-అవుట్ ఉంటే రేపు మంచి స్టీరియో ఆంప్లిఫయర్ కలుపుకోవచ్చు. పెట్టె మీది వాట్లు నమ్మకండి, చాలాసార్లు అది ఒకే ఛానల్ నడిపి కొలిచిన లెక్క.

అన్నిటికన్నా జరూరీ, ఒక్కో ఇన్‌పుట్‌కి దాని మోడ్ గుర్తుంచుకోవాలి. నలభై బటన్ల రిమోట్‌ని అమ్మీ ఎందుకు ముట్టుకుంటారు? టీవీ పెడితే సరౌండ్, పాట పెడితే స్టీరియో తనంతట రావాలి.

మీరు బాగా ఎరిగిన గజల్ ఒకటి ఫోన్‌లో పట్టుకెళ్లండి. వెనక స్పీకర్లు ఆపి వినిపించమనండి. ఆ బటన్ ఎక్కడుందో దుకాందారుకే తెలియకపోతే, సలామ్ చెప్పి పక్క దుకాణానికి నడవండి.