టీకా ఉందిగా, ఇంకెందుకు?

"టీకా ఉందిగా! ఆ వైరస్ కణంలోకి ఎలా దూరితే మనకేం?" జంతు వైరస్‌ల పరిశోధన మాట ఎత్తితే చదువుకున్నవాళ్లు కూడా ఇలాగే కొట్టిపారేస్తారు. మనుషుల జబ్బులకే డబ్బు చాలడం లేదు, కుక్కల పేగుల మీద ఖర్చా అని ముక్తాయింపు. వినడానికి సబబుగానే ఉంటుంది, కుక్కల పార్వో వైరస్ సంగతి తెలియనంతవరకు.

1978కి ముందు కుక్కల్లో ఈ జబ్బు ఉన్నట్టు పశువైద్యులకు తెలియదు. బయటపడ్డ రెండేళ్లలో ప్రపంచమంతా పాకింది. పిల్లులకు ఎప్పటినుంచో వస్తున్న పాన్‌ల్యూకోపీనియా వైరస్‌కు ఇది దగ్గరి చుట్టం. రెండింటి జన్యు పదార్థానికీ తేడా నూటికి రెండు పాళ్లు కూడా లేదు. పైతొడుగులో కొన్నిచోట్ల, ముఖ్యంగా 93, 323 స్థానాల్లో, అమైనో ఆమ్లాలు మారాయి. అంతమాత్రానికే కుక్క కణాలు దానికి లొంగిపోయాయి.

వైరస్ అంటుకునేది ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టర్‌కు అని 2001లో తేలింది. రక్తంలోని ఇనుమును కణంలోకి తీసుకునే ప్రొటీన్ అది. వేగంగా విభజన చెందే కణాలకు ఇనుము ఎక్కువ కావాలి కాబట్టి వాటిమీద అది దండిగా ఉంటుంది. పార్వోకి తన డీఎన్ఏకి నకళ్లు తీసుకునే సరంజామా సొంతంగా లేదు, విభజనలో ఉన్న కణం దొరికితేనే దాని పని సాగుతుంది. అందుకే పేగు లోపలి పొరలో నిత్యం పుట్టే కణాల మీద, ఎముక మజ్జ మీద పడుతుంది. రక్త విరేచనాలు, తెల్లకణాలు పడిపోవడం అన్నీ దీని పర్యవసానమే. కుక్క రిసెప్టర్ మీద ఒకచోట చక్కెర గొలుసు ఒకటి అదనంగా ఉంటుంది, పిల్లి వైరస్‌ను అడ్డుకునేది అదే. ఒక జాతి రోగం ఇంకో జాతికి రాదని మనం గుండెమీద చెయ్యేసుకుని పడుకునే ధీమా ఈపాటిది. పైగా కుక్కల పార్వోలో మొదటి రకం పిల్లులకు సోకేది కాదు. దాన్ని తోసేసి వచ్చిన 2ఏ రకం మళ్లీ వాటికీ సోకడం మొదలుపెట్టింది.

ఇదంతా పుస్తకాల గొడవ అనుకునేవాళ్లు పెట్ క్లినిక్‌కి వెళ్లి చూడాలి. మూడు నెలల కుక్కపిల్ల, ముందుకాలికి టేపు, సెలైన్, కింద తడిసిన న్యూస్‌పేపర్. దాన్ని దింపగానే బల్లమీద శానిటైజర్ కొట్టి తుడుస్తారు. కరోనాకు కొవ్వు పొర ఉంది, శానిటైజర్‌లోని ఆల్కహాల్‌కి అది కరిగిపోతుంది. పార్వోకి ఆ పొరే లేదు, బ్లీచింగ్ కావాలి. ఇక టీకా అంటారా, తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు దాన్ని పనిచేయనివ్వవు. అందుకే పదహారు వారాలు నిండేదాకా వరుసగా వేయించమంటారు. ఒక్క డోసుతో సరిపెట్టి "టీకా వేయించాంగా" అనే ఇళ్లు ఎన్నో.

రిసెప్టర్ తెలిసి ఇన్నేళ్లయినా కుక్కపిల్లలు చావడం ఆగిందా అని నిలదీస్తే అది గట్టి ప్రశ్నే. ఆగలేదు. అయితే 2023లో అమెరికా వ్యవసాయ శాఖ షరతులతో అనుమతించిన మోనోక్లోనల్ యాంటీబాడీ మందు చేసే పని వైరస్‌ను కణంలోకి పోనివ్వకపోవడమే. అదంతా రిసెప్టర్ పరిశోధన పుణ్యమేనని నేను అనను. దెబ్బ కొట్టవలసిన చోటు మాత్రం అదే.

"మనుషుల సంగతి చూడండి" అనేవారు 2024 మార్చిలో టెక్సస్ డెయిరీల్లో జరిగింది గుర్తు తెచ్చుకోవాలి. పాలు చిక్కబడి, దిగుబడి పడిపోయాక పరీక్షిస్తే తేలింది పక్షుల ఫ్లూ, హెచ్5ఎన్1. పచ్చిపాలు తాగిన పిల్లులు చచ్చిపోయాయి, ఆవుల దగ్గర పనిచేసిన మనిషికి కళ్లు ఎర్రబడ్డాయి. అప్పుడు పొదుగులు కోసి చూస్తే, పక్షి వైరస్ పట్టుకునే చక్కెరలు ఆ కణాల నిండా ఉన్నాయి. ఫ్లూ వైరస్‌ను ఆవు పొదుగులోకి ఎక్కిస్తే అక్కడ పెరుగుతుందని కెనడా పరిశోధకులు 1950లలోనే అచ్చువేశారు. ఆవు పొదుగులో ఫ్లూ ఎవరిక్కావాలని డెబ్బై ఏళ్లపాటు దాన్ని పట్టించుకున్నవాళ్లు బహుకొద్దిమంది.