వైద్య విషయాలు: కాఫీ మానేయాలా?

కిందటి నెల ఈ శీర్షికలో స్థూలకాయానికి చేసే ఆపరేషన్ల గురించి వ్రాశాము. కడుపులో చాలా భాగం తీసివేసి అరటికాయలాంటి గొట్టాన్ని మిగిల్చే స్లీవు ఒకటి, కడుపు పైభాగాన కోడిగుడ్డంత సంచి ఉంచి, పేగును పైకి తెచ్చి దానికి కుట్టే బైపాసు ఒకటి అని చెప్పాము. మనవంటి ఆసియా వాళ్ళకు బి.ఎం.ఐ. 27.5 నుంచే ఈ ఆపరేషను సూచించవచ్చునని సర్జన్ల సంఘాలు 2022లో చెప్పిన సంగతీ వ్రాశాము. ఖర్చెంత, ఇన్సూరెన్సు ఇస్తుందా అని అడుగుతారనుకున్నాము. వచ్చిన ఫోన్లలో సగానికి పైగా అడిగింది ఒకటే. "డాక్టరుగారూ, కాఫీ మానేయాలా?"

మేము నవ్వలేదు. మేము ఈ దేశం వచ్చేటప్పుడు ఎం.బి.బి.ఎస్. సర్టిఫికెట్ల కంటే ముందు మా అమ్మ పెట్టెలో సర్దింది ఇత్తడి ఫిల్టరు. గుంటూరులో హౌస్‌సర్జన్లుగా ఉన్న రాత్రులన్నీ కాఫీ మీదే గడిచాయి.

శాశ్వతంగా మానేయనక్కరలేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో చాలామందికి రోజుకు 400 మిల్లీగ్రాముల దాకా కెఫీన్ హాని చేయదని అమెరికా ఆహార, ఔషధ శాఖ చెబుతుంది. ఇక్కడి మామూలు కప్పు కాఫీలో దాదాపు 95 ఉంటుంది, టీలో అందులో సగం. ఆపరేషను తర్వాత ఎన్నాళ్ళు ఆపాలన్నది మాత్రం ఆసుపత్రికొక మాట. ఒకచోట నెల అంటారు, ఒకచోట మూడు నెలలంటారు. మీ సర్జను చెప్పిందే మీకు లెక్క. కాని మేము చూసిన చిక్కులు చాలావరకు కాఫీ పక్కన ఉన్నవాటితో వచ్చినవే.

పాల సంగతి చూడండి. మనకు తెలిసిన ఒక పెద్దాయనకు ఉదయం ఏడున్నరకు ఆపరేషను. రాత్రి నుంచి ఏమీ తినవద్దన్నారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, "కాఫీ తాగేదే గాని తినేది కాదుగదా" అని చిక్కని పాలతో ఒక గ్లాసు పట్టించారు. ఆపరేషను వాయిదా పడింది, కొడుకు పెట్టిన సెలవూ పోయింది. పాలు లేని కాఫీ మంచినీళ్ళ లెక్కలోకి వస్తుంది. మత్తు ఇవ్వడానికి రెండు గంటల ముందు వరకు దాన్ని సాధారణంగా ఒప్పుకుంటారు. పాలు పడితే అది ఆహారం, ఆరు గంటలు ఆగాలి. మత్తులో ఉండగా కడుపులోని పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది.

రెండో సంగతి పెద్దది. ఆ సోదరి అనుమతితోనే వ్రాస్తున్నాము. వయసు ముప్పై అయిదు, ఇద్దరు పిల్లలు, కంప్యూటరు ఉద్యోగం. బైపాసు చేయించుకున్నారు. రోజుకు ఎన్ని కాఫీలని ఆసుపత్రి కాగితంలో అడిగితే రెండని వ్రాశారు. నిజానికి అయిదు. ఆపరేషను ముందురోజు దాకా అయిదూ తాగి ఒక్కసారిగా ఆపారు. మర్నాటికల్లా తల బద్దలయ్యే నొప్పి. కెఫీన్ అలవాటున్నవాళ్ళు హఠాత్తుగా మానితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది. ఒకటి రెండు రోజుల్లో ముదిరి, కొందరికి తొమ్మిది రోజుల దాకా ఉంటుంది. రెండు కాఫీలే అని వ్రాశారు గనక అది మత్తుమందు వల్ల వచ్చిందని ఆసుపత్రిలో అనుకున్నారు.

ఇంటికి వచ్చాక భర్త బీరువాలోంచి తలనొప్పి మాత్రలు రెండు తీసి ఇచ్చారు. మందుల కొట్లో చీటీ లేకుండా దొరికేవే. అరగంటలో నొప్పి మాయం! ఎందుకు మాయం కాదు? ఆ రెండు మాత్రల్లో 130 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంది, అంటే కప్పున్నర కాఫీ. దానితోపాటు 500 మిల్లీగ్రాముల ఆస్పిరిను కూడా ఉంది. మాత్ర మానితే మళ్ళీ నొప్పి, వేసుకుంటే హాయి. అలా వారానికి మూడు నాలుగుసార్లు సాగింది. మూడో నెలలో మలం తారులాగా నల్లగా వచ్చింది, ఆఫీసు మెట్ల మీద కళ్ళు తిరిగి పడిపోయారు. కడుపు సంచికీ పేగుకూ కుట్టు వేసినచోట పుండు పడి రక్తం కారుతున్నది. రెండు సీసాల రక్తం ఎక్కించవలసి వచ్చింది. ఇప్పుడు బాగున్నారు.

ఆ కుట్టు దగ్గర పుండుకు పేరుమోసిన కారణాలు సిగరెట్లూ, ఆస్పిరిను, ఇబుప్రొఫెన్, నాప్రొక్సెన్ వంటి నొప్పి మాత్రలూ. కాఫీకి అంత అపకీర్తి లేదు. ఆపరేషను తేదీ తెలిసిన రోజు నుంచే, కనీసం రెండు మూడు వారాల ముందు, మూడు నాలుగు రోజులకొక కాఫీ చొప్పున తగ్గించుకుంటూ రండి. నొప్పి వస్తే టైలెనాల్, అనగా మన ఊళ్ళో పారాసిటమాల్, సర్జనును అడిగి వాడండి. ఏ మాత్రయినా డబ్బా వెనుక సన్నక్షరాలు చదవనిదే నోట్లో వేసుకోవద్దు. గుండె కోసం ఆస్పిరిను వాడుతున్నవాళ్ళు సొంతంగా ఆపవద్దు, డాక్టర్లతో మాట్లాడండి. కాగితంలో అయిదైతే అయిదనే వ్రాయండి. ఎవరూ కొట్టరు.

ఇనుము సంగతి మన ఆడవాళ్ళకు ముఖ్యం. తిండిలోని ఇనుమును ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. బైపాసులో తిండి ఆ దారినే పోదు. నెలసరి ఉన్నవాళ్ళు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము తీసుకోవాలి. శాకాహారంలోని ఇనుము అసలే త్వరగా ఒంటబట్టదు. దానిమీద కాఫీ! 1983లో అచ్చయిన ఒక పరిశోధనలో, భోజనంతోపాటు ఒక కప్పు కాఫీ తాగితే ఇనుము పీల్చుకోవడం 39 శాతం తగ్గింది, టీ తాగితే 64 శాతం. భోజనమైన గంటకు తాగినా కాఫీ అంతే అడ్డుపడింది. గంట ముందు తాగితే మాత్రం తగ్గలేదు. కనుక ఇడ్లీ తిని కాఫీ తాగే మన ఆచారాన్ని కాస్త తిరగవేసుకోవాలి. ముందు కాఫీ, గంటాగి ఇడ్లీ. ఇనుము మాత్రను కాఫీతో మింగడం దాన్ని సింకులో వేయడంతో దాదాపు సమానం. కెఫీన్ తీసేసిన కాఫీతో ఈ చిక్కు తీరదు, అడ్డుపడే పదార్థాలు అందులోనూ ఉన్నాయి. క్యాల్షియం మాత్ర మరో రెండు గంటల దూరాన. థైరాయిడు మాత్ర వేసుకునేవాళ్ళు కాఫీకి గంట ముందే వేసుకుంటే మంచిది.

కాఫీతో ఒళ్ళు ఎండిపోతుందని భయపెడతారు. అలవాటున్నవాళ్ళకు ఒకటి రెండు కప్పులతో అలా ఏమీ కాదు. కాని చిన్న సంచితో రోజుకు లీటరున్నర నీళ్ళు గుక్కగుక్కగా తాగడమే పెద్ద ఉద్యోగం. ఆ చోటు కాఫీకి ఇస్తే నీళ్ళెక్కడ పడతాయి?

ఇక చక్కెర. బైపాసు అయినవాళ్ళు తీపి కాఫీ తాగితే అది నేరుగా పేగులోకి దిగి గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనాలు తెస్తుంది. ఇంట్లో జాగ్రత్తగానే ఉంటారు. చిక్కంతా పొరుగింట్లో. ఆపరేషను సంగతి నలుగురికీ తెలియకూడదని మనవాళ్ళు దాస్తారు, వ్యాయామంతో తగ్గామంటారు. ఎవరింటికైనా వెళితే ఆ ఇల్లాలు, "మా కాఫీ తాగరా అండీ?" అని నొచ్చుకుంటుంది. కారణం చెప్పలేక తాగి, వాళ్ళ స్నానాలగదిలో అరగంట కూర్చున్నవాళ్ళు మాకు తెలుసు. వద్దన్నవాళ్ళను రెండోసారి బలవంతపెట్టడం మర్యాద అని మనకు ఎవరు నేర్పారో!

వచ్చే నెల సంఘం విందులో మామూలు కాఫీ పక్కనే పాలూ చక్కెరా లేని డికాక్షను ఒక ఫ్లాస్కులో పెట్టమని కార్యదర్శిగారిని అడిగాము, ఒప్పుకున్నారు. చిన్న గ్లాసులు మేము తెస్తాము. అందులోంచి ఎవరు పోసుకుంటున్నారో ఎవరూ చూడనక్కరలేదు. మేమూ అందులోంచే పోసుకుంటాము.