లూథర్‌ని ఏ తూకంతో తూచాలి?

మా సూరత్‌లో, ముఖ్యంగా లింబాయత్ వైపు, తెలుగువాళ్ళకి కొదవలేదు. ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వచ్చిన పద్మశాలీలు. వాళ్ళ మధ్య గుంటూరు జిల్లా మిత్రుడొకడున్నాడు, లూథరన్ సంఘస్థుడు. మొన్న టీ తాగుతూ అతన్ని కాస్త గుచ్చుదామనిపించింది. "మీ మార్టిన్ లూథర్ యూదుల ఇళ్ళు కూల్చమన్న మనిషి, తెలుసా?" అన్నాను. అతను కోప్పడలేదు. "ఆ రోజులే అలాంటివి అన్నా. మా తాత చేతికి పలకా బలపం ఇచ్చింది లూథరన్ బడేగా" అన్నాడు. వారం రోజులుగా ఆ మాటే ఆలోచిస్తున్నాను. నేనన్నది నిజం. అతనన్న దాంట్లో సగం నిజం. ఏ సగమో తేల్చుకోవాలి.

ముందు మన తప్పు ఒప్పుకుందాం. లూథర్ సైతాను మీదికి సిరాబుడ్డి విసిరాడని చెప్పుకుని మన హేతువాదులు నవ్వుతుంటారు. అది తర్వాత పుట్టిన కట్టుకథ. సన్యాసినిని పెళ్ళాడాడని ఎద్దేవా చేస్తారు. మఠం వదిలి వచ్చిన కాథరీనాని 1525లో పెళ్ళి చేసుకోవడంలో తప్పేముంది? బలవంతపు బ్రహ్మచర్యాన్ని కాదన్నందుకు మనం మెచ్చుకోవాలి. బీరు తాగడం, బూతులు తిట్టడం లెక్కలోకి వచ్చే నేరాలు కావు. బాబాల మహిమలకి సాక్ష్యం అడిగే మనం లూథర్ విషయంలో పుకార్లతో సరిపెట్టుకోవచ్చా?

అసలు అభియోగాలు వేరే ఉన్నాయి. అవి అతని సొంత రాతలోనే ఉన్నాయి. పాపక్షమాపణ పత్రాల అమ్మకాన్ని 1517లో ధైర్యంగా ప్రశ్నించిన ఈ మనిషే, 1525లో జర్మన్ రైతులు తిరగబడితే వాళ్ళని నిర్దాక్షిణ్యంగా చంపమని ప్రభువులకి రాశాడు. ఆ అణచివేతలో చనిపోయినవాళ్ళు లక్ష దాకా ఉంటారని అంచనా. 1543లో యూదుల మీద రాసిన పుస్తకంలో వాళ్ళ ప్రార్థనా మందిరాలు తగలబెట్టమని, ఇళ్ళు కూల్చమని, మతగ్రంథాలు లాక్కోమని, గురువుల్ని బోధించనివ్వొద్దని పాలకులకి వరసపెట్టి సలహాలిచ్చాడు. అధికారం ఉన్నవాడి చెవిలో చెప్పిన మాటలివి. 1992 డిసెంబరులో పక్కవాడి ఇల్లు తగలబడటం చూసిన ఊరు మాది. అలాంటి మాటల ఖరీదు ఇక్కడివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఇక "ఆ రోజులే అలాంటివి" అన్న వాదన. అదే లూథర్ 1523లో యూదులతో దయగా ఉండాలని రాశాడు. వాళ్ళు క్రైస్తవులవుతారని ఆశపడ్డాడు, ఆ ఆశ తీరలేదు. ఇరవై ఏళ్ళలో కాలం మారలేదు, మనిషి మారాడు. సంస్కరణ పక్షంలోనే ఉన్న ఒసియాండర్, యూదులు క్రైస్తవ పిల్లల్ని చంపుతారన్న నిందని ఖండిస్తూ ఆ రోజుల్లోనే రాశాడు. 1553లో కాల్విన్ ప్రోద్బలంతో జెనీవాలో సెర్వెటస్‌ని సజీవ దహనం చేస్తే, మతభేదానికి మనిషిని చంపకూడదని కాస్టెల్లియో మరుసటి ఏడే పుస్తకం తెచ్చాడు. అంటే ఆ రోజుల్లోనూ వేరేగా ఆలోచించడం సాధ్యమే. కాలాన్ని అడ్డం పెట్టి లూథర్‌ని వదిలేస్తే ఒసియాండర్‌కీ, కాస్టెల్లియోకీ అన్యాయం చేసినట్టే.

మరి ఆ పలక మాట? అది నిజం. హేయర్ అనే లూథరన్ మిషనరీ అమెరికా నుంచి గుంటూరు వచ్చింది 1842లో. తరతరాలుగా మన ధర్మాలన్నీ చదువుకి దూరం పెట్టినవాళ్ళకి ఆ మిషన్ బళ్ళు అక్షరం నేర్పాయి. 1524లో ఊరూరా బళ్ళు పెట్టాలని, ఆడపిల్లలకీ చదువు చెప్పాలని నగరపాలకుల్ని కోరినవాడు కూడా ఈ లూథరే. ఆ మేలు ఎవరూ తుడిచెయ్యలేరు. అయితే ఆ మేలు 1543 నాటి పుస్తకాన్ని కూడా తుడిచెయ్యలేదు. ఈ సంగతి లూథరన్లకే తెలుసు. అమెరికాలోని పెద్ద లూథరన్ సంఘం 1994లో ఆ రాతల్ని బహిరంగంగా తిరస్కరించింది. అయినా లూథర్ పేరు వదులుకోలేదు.

మనం మన వాళ్ళని ఇలాగే తూస్తున్నామా? మా సూరత్ నర్మద్‌నే చూడండి. వితంతు వివాహం గురించి 1860లో జదునాథ్‌జీ మహరాజ్ అంతటివాడితో బహిరంగంగా వాదించాడు. అదే నర్మద్ భార్య డాహీగౌరి ఉండగానే ఒక వితంతువుని పెళ్ళాడాడు. చివరిరోజుల్లో 'ధర్మవిచార్' రాసి పాత ధర్మం వైపే మళ్ళాడు. ఇక్కడి విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టడం నాకు సంతోషమే. కానీ డాహీగౌరి గురించి మన సభల్లో ఎన్నిసార్లు మాట్లాడాం? తప్పులన్నీ ఒకే బరువు కాదు, ఇళ్ళు తగలబెట్టమనడం వేరు. తూకం మాత్రం ఒకటే ఉండాలి.

వచ్చే ఆదివారం ఆ మిత్రుణ్ణి మళ్ళీ కలుస్తాను. నా అభియోగం వెనక్కి తీసుకోను. గుచ్చడానికి అన్నందుకు మాత్రం క్షమించమంటాను. ఆ పలక కథ మొత్తం చెప్పమని అడుగుతాను.