తప్పిపోయిన బోటు కబురు ముందు ఎవరికి?

వేటకు వెళ్ళిన బోటు వేళకు రేవు చేరకపోతే ఇంటివారు సర్పంచి వద్దకు, పోలీసుల వద్దకు, మత్స్యశాఖ కార్యాలయానికి పరుగులు తీస్తారు. ఈ తిరుగుడులో పూట గడిస్తే బోటు గాలివాటున ఎంతో దూరం కొట్టుకుపోతుంది.

సముద్రంలో గాలింపును నడిపించే బాధ్యత కోస్టుగార్డుది. ఆంధ్ర తీరానికి దాని చెన్నై కేంద్రం నౌకలను, విమానాలను పురమాయిస్తుంది. నౌకాదళాన్ని, దారిన పోయే వర్తక నౌకలను సాయం కోరుతుంది. బోటు నంబరు, మనుషుల లెక్క ఒడ్డున ఉన్న మత్స్యశాఖ, మెరైన్ పోలీసులు అందించాలి. 2017లో ఓఖీ తుపాను వేళ కేరళ, తమిళనాడులలో ఎందరు సముద్రంపై ఉన్నారో రోజుల తరబడి లెక్క తేలలేదు.

లెక్క లేకపోతే నౌకలెన్ని తిరిగినా వెతికేది ఎవరిని? బోటు కదిలేముందే వివరాలు రేవులో పుస్తకానికి ఎక్కాలి. కోస్టుగార్డు ఫోను నంబరు 1554ను ప్రతి రేవులో పెద్ద అక్షరాలతో రాయించాలి. అధికారులు వెంటనే పూనుకోవాలి.