కేసు తేలేదాకా దండలొద్దు, సాక్షికి తోడుగా నిలబడదాం

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత ప్రజలకు విజ్ఞప్తి



2024 సెప్టెంబరులో మన జిల్లా పేరు టీవీల్లో మారుమోగింది. నెల్లూరు నుంచి వెళ్ళి సినిమాల్లో జాతీయ అవార్డు దాకా ఎదిగిన నృత్య దర్శకుడు జానీ మాస్టర్ తన మీద లైంగిక దాడికి పాల్పడ్డారని, ఆయన దగ్గర సహాయకురాలిగా పనిచేసిన యువతి హైదరాబాదులో పోలీసులకు ఫిర్యాదు చేసింది. తను మైనరుగా ఉన్నప్పుడే ఇది మొదలైందని చెప్పడంతో పిల్లల మీద లైంగిక నేరాల చట్టం, పోక్సో, సెక్షన్లు కూడా చేర్చారు. గోవాలో ఆయన్ను అరెస్టు చేశారు. అప్పటికే ప్రకటించిన అవార్డును కేంద్రం నిలిపివేసింది. అక్టోబరు 24న తెలంగాణ హైకోర్టు బెయిలిచ్చింది. ఆరోపణలు అబద్ధమని ఆయన అంటున్నారు. నిజమేదో తేల్చాల్సింది కోర్టు. ఆయన దోషి అని చెప్పడానికి మేం ఈ కరపత్రం వేయలేదు.

ఆ వారం మన ఊళ్ళలో నడిచిన మాటల గురించి వేశాం. బస్టాండు దగ్గర, టీ అంగళ్ళలో, వాట్సాప్ గ్రూపుల్లో ఎక్కడ చూసినా ఒకటే వరస. "మన నెల్లూరోడే గదా!" "అవార్డు వచ్చే టయానికే ఎందుకు బయటికొచ్చింది?" "ఇన్నేళ్ళు ఏం చేస్తా ఉండింది ఆ పిల్ల?" ఎఫ్‌ఐఆర్‌లో ఏముందో ఒక్కరూ చదవలేదు. అయినా తీర్పు చెప్పేశాం. ఆ మాటలు వింటూ మన మధ్యనే ఎందరు ఆడపిల్లలు కూర్చున్నారో, వాళ్ళలో ఎవరికి ఏం జరిగి ఉందో, ఇక ఎప్పటికీ నోరు విప్పకూడదని ఆ పూటే ఎవరు నిర్ణయించుకున్నారో మనకు తెలియదు.

పేరున్నవాడి పలుకుబడి జడ్జి ముందు పనిచేస్తుందని మనం అనుకుంటాం. చాలా కేసుల్లో అది అంతదాకా పోనక్కర్లేదు. ఫిర్యాదు ఇచ్చిన రోజుకూ సాక్షి బోనెక్కే రోజుకూ నడుమ ఏళ్ళు గడుస్తాయి. ఆ ఏళ్ళలో, సాక్షి ఉండే వీధిలో అది పనిచేస్తుంది.

సల్మాన్ ఖాన్ కేసు తీసుకోండి. 2002 సెప్టెంబరులో బాంద్రాలో ఫుట్‌పాత్ మీద నిద్రపోతున్నవాళ్ళ మీదికి ఆయన కారు ఎక్కింది. ఒకరు చనిపోయారు, నలుగురు గాయపడ్డారు. ఆ కారులోనే ఉన్న అంగరక్షకుడు, రవీంద్ర పాటిల్ అనే పోలీసు కానిస్టేబుల్, ఫిర్యాదు ఇచ్చాడు. తర్వాత ఆయన కోర్టుకు రాలేదని అరెస్టయ్యాడు, ఉద్యోగం పోయింది, 2007లో క్షయతో చనిపోయాడు. కింది కోర్టు 2015 మేలో సల్మాన్‌కు అయిదేళ్ళ శిక్ష వేసింది. అదే ఏడు డిసెంబరులో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. పాటిల్ వాంగ్మూలం పూర్తిగా నమ్మదగ్గది కాదని తీర్పులో రాసింది. హైకోర్టు ముందున్న సాక్ష్యాన్ని బట్టి తీర్పిచ్చింది, దాని జోలికి మేం పోవడం లేదు. కానీ ఆ కానిస్టేబుల్ ఒంటరిగా చితికిపోయిన అయిదేళ్ళలో ఆయనకు అండగా ఎవరున్నారు? ఆ హీరో సినిమాలకు మాత్రం ఆ అయిదేళ్ళూ జనం టిక్కెట్లు కొంటూనే ఉన్నారు.

మన పక్కనే ఉన్న బెంగళూరుకు వద్దాం. 2024 జూన్‌లో కన్నడ హీరో దర్శన్‌ను హత్య కేసులో అరెస్టు చేశారు. చిత్రదుర్గ నుంచి ఒక యువకుణ్ణి ఎత్తుకొచ్చి షెడ్డులో కొట్టి చంపారన్నది అభియోగం. చనిపోయినవాడి భార్య అప్పటికి గర్భవతి. పోలీస్ స్టేషన్ ముందు అభిమానులు జేజేలు కొట్టారు. జైల్లో ఆయనకిచ్చిన 6106 నంబరును బండ్ల మీద రాయించుకున్నారు. ఆగస్టులో జైలు ఆవరణలో కుర్చీ వేసుకుని, చేతిలో సిగరెట్టుతో రౌడీషీటర్ పక్కన కూర్చున్న ఫొటో బయటపడితే బళ్ళారి జైలుకు మార్చారు. డిసెంబరులో కర్ణాటక హైకోర్టు బెయిలిచ్చింది. 2025 ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆ బెయిలును రద్దు చేసింది. పేరు ప్రఖ్యాతులు నిందితుడికి కవచం కావని, అంత పలుకుబడి ఉన్నవాడు బయట ఉంటే సాక్షుల మీద ఒత్తిడి పడే ప్రమాదాన్ని చూడాల్సిందేనని జస్టిస్ పార్దీవాలా, జస్టిస్ మహదేవన్ చెప్పారు. జైల్లో రాజభోగాలు కనిపిస్తే మొదట సూపరింటెండెంట్‌ను సస్పెండ్ చేస్తామని హెచ్చరించారు. ఈ తీర్పు సారాంశం మన ప్రతి కాలేజీ నోటీసు బోర్డు మీదా ఉండాలని మా కోరిక.

2024 డిసెంబరు 4న హైదరాబాదు సంధ్య థియేటరు తొక్కిసలాట వేరే సంగతి. అక్కడ చంపాలన్న ఉద్దేశం ఎవరికీ లేదు, ఎవరి నిర్లక్ష్యం ఎంతో కోర్టు చూస్తుంది. అయినా ఒక తల్లి చనిపోయి, కొడుకు ఆస్పత్రిలో స్పృహ లేకుండా ఉన్నప్పుడు, ఆ కేసులో అరెస్టయి జైలు నుంచి వచ్చిన హీరో ఇంటికి సినిమా పెద్దలు వరసకట్టిన దృశ్యం మాకు ఈనాటికీ మింగుడు పడదు.

పేరున్నవాడంటే సినిమావాడే అనుకోకండి. మండలంలో నాలుగు పనులు చేసిపెట్టే నాయకుడు, పెద్ద కాంట్రాక్టరు, ఆశ్రమం పెట్టిన స్వామి, అందరూ కాళ్ళకు దండం పెట్టే ఊరి పెద్ద, వీళ్ళందరూ మన దగ్గర హీరోలే. 2022 మేలో కాకినాడలో అప్పటి అధికార పార్టీ ఎమ్మెల్సీ అనంతబాబు, తన దగ్గర డ్రైవరుగా పనిచేసి మానేసిన దళిత యువకుడి శవాన్ని తన కారులోనే తెచ్చి కుటుంబానికి అప్పగించాడు. ప్రమాదమని చెప్పాడు. తల్లిదండ్రులు నమ్మలేదు, కదల్లేదు, ఎమ్మెల్సీని అరెస్టు చేయాలని పట్టుబట్టారు. అందువల్లనే అది హత్య కేసయింది, ఆయన అరెస్టయ్యాడు. డిసెంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర బెయిలివ్వగా బయటికొచ్చాడు. విచారణ ఇంకా తేలాల్సి ఉంది. ఆ తల్లిదండ్రులు ఆ రాత్రి భయపడి సరేనని ఉంటే శవంతో పాటే కేసూ కాలిపోయేది.

ఇప్పుడు మన సంగతి. సీతారామపురం మండలంలో ఒక పోక్సో కేసు ఉందనుకోండి. విచారణ నెల్లూరులో. తల్లి తెల్లారకముందే లేచి ఉదయగిరి చేరాలి, అక్కణ్ణుంచి దాదాపు వంద కిలోమీటర్లు బస్సులో పోవాలి. ఆ రోజు కూలి పోతుంది. కోర్టు వరండాలో పొద్దుననగా కూర్చుంటే, నిందితుడు పదిమందిని వెంటేసుకుని, ఇస్త్రీ చొక్కాతో ఎదురు బెంచీ మీద కూర్చుంటాడు. మధ్యాహ్నానికి వాయిదా పడుతుంది. తిరుగు బస్సు ఉదయగిరిలో ఆగేసరికి చీకటి. దిగంగానే ఎదురుగా లైట్ల వెలుగులో అదే మనిషి ఫ్లెక్సీ, రెండు చేతులూ జోడించి, "జన హృదయ నేతకు జన్మదిన శుభాకాంక్షలు" అని. దాని కింద ఆమె వీధి కుర్రాళ్ళ ఫొటోలు. ఆ ఫ్లెక్సీ కట్టినవాళ్ళు ఆమెను ఒక్క మాటా అనలేదు. అనాల్సిన పనే లేదు.

తర్వాత మాట్లాడేవాళ్ళు వస్తారు. మొదట చుట్టం వస్తాడు. ఆ తర్వాత పార్టీ మనిషి వస్తాడు. చివరికి ఒక రాత్రి పూట ఊళ్ళో పెద్దమనుషులు వచ్చి నులక మంచం మీద కూర్చుని, "ఎందుకమ్మా ఇదంతా, రేపు పిల్లకు పెళ్ళి కావాల గదా" అంటారు. అంతా మెత్తగా, ఆమె మంచి కోరినట్టే ఉంటుంది. ఇంత డబ్బని ఒక లెక్క చెబుతారు. ఆ పెద్దమనుషులకు మేం చేతులెత్తి మొక్కి ఒక మాట చెబుతున్నాం. పోక్సో కేసులో రాజీ లేదు. పిల్ల మీద నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆ చట్టం 21వ సెక్షన్ కింద మీకే ఆరు నెలల దాకా జైలు. సాక్షిని బెదిరించి అబద్ధం చెప్పిస్తే భారతీయ న్యాయ సంహిత 232 కింద ఏడేళ్ళ దాకా శిక్ష. బాధితురాలి పేరు, ఫొటో బయటపెడితే 72 కింద రెండేళ్ళ దాకా. గ్రూపులో వచ్చిందాన్ని ఇంకో గ్రూపుకు పంపినా తప్పించుకోలేరు.

సాక్షికి రక్షణ చట్టంలో ఉంది, వాడుకునేవాళ్ళు లేరు. ఆశారాం అనే బాబా మీద లైంగిక దాడి కేసుల్లో సాక్షుల మీద వరసగా దాడులు జరిగాయి, కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ కేసుల సాక్షులే సుప్రీంకోర్టుకెక్కారు. 2018 డిసెంబరు 5న కోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని దేశమంతటా చట్టంలా అమలు చేయాలంది. ఆశారాంకు అప్పటికే, ఆ ఏడు ఏప్రిల్లోనే, జోధ్‌పూర్ కోర్టు యావజ్జీవం వేసి ఉంది. లక్షలాది మంది భక్తులున్న మనిషికి ఆ శిక్ష పడిందంటే ఒక ఆడపిల్లా ఆమె తల్లిదండ్రులూ చివరిదాకా మాట మార్చకపోవడం వల్లనే.

ఆ పథకం ప్రకారం జిల్లా జడ్జి అధ్యక్షతన ప్రతి జిల్లాలో ఒక కమిటీ ఉండాలి. ఎస్పీ అందులో సభ్యుడు. సాక్షి గానీ, ఇంట్లోవాళ్ళు గానీ, వాళ్ళ లాయరు గానీ అర్జీ పెట్టుకోవచ్చు. ప్రమాదం ఎంతుందో సబ్ డివిజన్ పోలీసు అధికారి అయిదు పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. కోర్టుకు పోలీసు తోడు, ఇంటి దగ్గర గస్తీ, నిందితుడు ఎదురుపడకుండా విచారణ, ఫోను నంబరు మార్పు, అవసరమైతే వేరే చోట నివాసం, ఇవన్నీ అందులో ఉన్నాయి. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 398వ సెక్షన్ ప్రతి రాష్ట్రమూ ఒక సాక్షుల రక్షణ పథకాన్ని ప్రకటించి తీరాలంటోంది. అదే చట్టం సాక్షి వీడియో ద్వారా వాంగ్మూలం ఇవ్వడానికీ దారి తెరిచింది. కాబట్టి ప్రభుత్వాన్ని అడుగుతున్నాం. మన ఉదయగిరి, ఆత్మకూరు కోర్టుల నుంచే నెల్లూరు విచారణకు వీడియోలో సాక్ష్యం చెప్పే వీలు ప్రతి సాక్షికీ కల్పించండి. రక్షణ అర్జీ నమూనా తెలుగులో అచ్చు వేసి ప్రతి స్టేషన్లో ఉంచండి. సాక్ష్యం భద్రంగా ఉంచడం ఎంత అవసరమో మన జిల్లాకు వేరే చెప్పాలా? 2022 ఏప్రిల్‌లో, అప్పటి మంత్రికి సంబంధించిన ఫోర్జరీ కేసు ఆధారాలు నెల్లూరు కోర్టులోంచే దొంగతనానికి పోయాయి. హైకోర్టు సీబీఐకి అప్పగించింది. మంత్రి ప్రమేయం లేదని సీబీఐ తేల్చింది. అయినా కోర్టు తాళమే దొంగలను ఆపలేనప్పుడు, ఊరి చివర ఇంట్లో ఉన్న సాక్షిని ఎవరు కాపాడాలి?

మేం ఈ మాటలు చెబితే ఇద్దరు ముగ్గురు యువకులు గట్టిగానే అడిగారు. తప్పుడు కేసులు పెట్టరా అని. పెడతారు. అందుకే కోర్టు తేల్చాలి అంటున్నాం, అందుకే ఎవర్నీ ఊళ్ళోంచి తరమమనడం లేదు, సినిమా చూడొద్దనడం లేదు. నిందితుడికి లాయరుంటాడు, బెయిలు హక్కుంటుంది, అవన్నీ ఉండాల్సిందే. నిర్దోషి అని కోర్టు చెప్పిన నాడు సభ పెట్టుకోండి, మేమూ వస్తాం. బెయిలు వచ్చిన నాడు మాత్రం ఊరేగింపు వద్దు, ఎందుకంటే ఆ ఊరేగింపు సాక్షి ఇంటి ముందు నుంచే పోతుంది.

ఇంకొకటీ అన్నారు. ఆయన మా ఊరికి బోరు వేయించాడు, పేదపిల్లలకు ఫీజులు కట్టాడు అని. మంచిదే, ఆ సాయానికి కృతజ్ఞత చెప్పండి. ఆ బోరు నీళ్ళు ఇంకొకరి బిడ్డ కేసులో మన నోరు కట్టేయడానికి వేయించినవి కాకూడదు.

అభిమాన సంఘాల తమ్ముళ్ళారా, మీ దగ్గర ఉన్న శక్తి మేం ఎరుగుదుం. ఒక్క ఫోనుకు రక్తం ఇవ్వడానికి పరిగెత్తేది మీరే. వరదలొస్తే అన్నం పొట్లాలు మోసేదీ మీరే. హత్య, అత్యాచారం, పోక్సో కేసులో ఛార్జిషీటు పడ్డ మనిషికి, ఆయన మీ హీరో అయినా, తీర్పు వచ్చేదాకా ఫ్లెక్సీ కట్టబోమని మీ సంఘం తరఫున మీరే మొదట ప్రకటించండి. బళ్ళో వార్షికోత్సవానికీ, తిరునాళ్ళ వేదికకూ ఆ కాలంలో ఆయన్ను పిలవొద్దని హెడ్మాస్టర్లకూ, కమిటీలకూ చెప్పండి. ఏ పార్టీ మనిషయినా ఇదే లెక్క. ఒక పార్టీకి మినహాయింపు ఇస్తే ఈ కరపత్రం చించి పారేయండి.

ఆత్మకూరు మున్సిపాలిటీ, మన మండలాల పంచాయతీలు బహిరంగ స్థలాల్లో ఫ్లెక్సీలకు అనుమతి ఇచ్చే చోట ఈ నియమం పెట్టాలి. ప్రతి మండలంలో నలుగురైదుగురు, అందులో సగం మంది ఆడవాళ్ళు, సాక్షి వెంట నెల్లూరు దాకా బస్సెక్కడానికి పేర్లివ్వండి. పోలీసు తోడు వచ్చేదాకా మన తోడు ఉండాలి. ఛార్జీలు చందా వేసుకుందాం.

వచ్చే గ్రామసభలో ఈ కింది తీర్మానం పెట్టించండి. చదివి వినిపించాక చేతులెత్తమని అడగండి, ఎత్తినవాళ్ళ సంతకాలు పుస్తకంలో తీసుకోండి, ఒక నకలు ఎస్పీకీ, ఒక నకలు జిల్లా జడ్జికీ రిజిస్టర్ పోస్టులో పంపండి.

"హత్య, అత్యాచారం, పిల్లల మీద లైంగిక నేరాల కేసుల్లో ఛార్జిషీటు దాఖలైన ఏ వ్యక్తికీ, కోర్టు తీర్పు వచ్చేవరకు, మా గ్రామంలో బహిరంగ సన్మానం, ఊరేగింపు, ఫ్లెక్సీ ఉండవు. అటువంటి కేసులో రాజీ పంచాయితీ జరపము, జరిగితే పోలీసులకు తెలియజేస్తాము. సాక్షి కోరితే కోర్టుకు తోడు వెళ్తాము. ఇది కులం, మతం, పార్టీ చూడకుండా అందరికీ వర్తిస్తుంది."

ఇట్లు,
ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంత పౌరులు కొందరు